ఓడుచున్న ఆటను నిలువబెట్టుట
(వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



ఈ సభయందు ఏదేని యొక విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. సంస్కృతము చదివినవారము గనుక వ్యాకరణమో అలంకారశాస్త్రమో విప్పుదుమని కొందరు భయపడియుందురు. ఆ భయము వలదు. నేడు మేము చదరంగమును గూర్చియే విన్నవింపదలచితిమి. అందును గెలుచుటను గూర్చి కాదు, ఓడుచున్న ఆటను సమము చేసికొనుటను గూర్చి. గెలుపు నేర్పు గురువులు పెక్కుమంది గలరు; గెలిచినవానిని పొగడుటకు లోకమంతయు గలదు. ఓడుచున్నవాడు ఏమి చేయవలెనో చెప్పువారు మాత్రము అరుదు. బహుకాలము పిల్లలకు పాఠములు చెప్పినవారమగుటచేత, లెక్క తప్పిన పిల్లవానికంటె, తప్పునేమోయని తలచి పలకను క్రింద బెట్టిన పిల్లవానిని గూర్చియే మాకు విచారమెక్కువ. అందుచేత ఈ విషయమును ఎన్నుకొంటిమి.

చదరంగము మన దేశమున బుట్టిన ఆట. రథ గజ తురగ పదాతులను నాలుగంగములు గల సేనయే చతురంగము. ఏడవ శతాబ్దియందు బాణభట్టు తన హర్షచరితమున దీనిని ప్రస్తావించియున్నాడు. ఈ యాట ఇచటినుండి పారసీకమునకును, అచటినుండి అరబ్బులకును, వారివలన ఐరోపాకును పోయెను. 15వ శతాబ్దాంతమున మంత్రికిని శకటునకును క్రొత్త నడకలు కలిగెను. ఆ మార్పులతో మరల మనయొద్దకు వచ్చిన రూపమునే నేడు పోటీలయందు ఆడుచున్నారు. బలముల పేరులు ప్రాంతభేదమున మాఱుచుండును గనుక ముందే చెప్పుచున్నాము: నిలువుగను అడ్డముగను నడచుదానిని ఏనుగనియు, ఐమూలగా నడచుదానిని శకటనియు వ్యవహరింతుము. రాజు, మంత్రి, గుఱ్ఱము, బంటు అనునవి అందఱకు తెలిసినవే.

ఆట సమమగుట, అనగా డ్రా యగుట, ఎట్లు? ఇరువురును ఒప్పుకొని విరమించుట ఒకటి. అది మన ప్రసంగమునకు పనికిరాదు, ఓడించుచున్నవాడు ఏల యొప్పుకొనును? ఎదిరి యిష్టముతో పనిలేక సమము తెచ్చు త్రోవలు నాలుగు గలవు. రాజునకు చెక్కు లేకయు, కదలుటకు నియమమైన ఎత్తొకటియు లేకయు పోవుట మొదటిది. దీనిని ఇంగ్లీషువారు స్టేల్‌మేటు అందురు, మేము దిగ్బంధమందుము. బలముల స్థితి యొక్కటే ముమ్మారు వచ్చుట రెండవది. బంటు కదలకయు, ఏ బలమును చావకయు, ఇరువురును ఏబదేసి ఎత్తులు వేయుట మూడవది. ఆటకట్టు చేయుటకు చాలిన బలము మిగులకుండుట నాలుగవది. ఓడుచున్నవాని ఆశయంతయు ఈ నాలుగు ద్వారములయందే యున్నది.

ఇచట ఒక భేదమును గుర్తింపవలయును. ఓడుచుండుట వేఱు, ఓడిపోవుట వేఱు. మొదటిది వర్తమానము, రెండవది భూతము. వర్తమానమును భూతముగా చదువుట వ్యాకరణమున తప్పు. ఆటయందు అంతకంటె పెద్ద తప్పు. బలము తగ్గినంతమాత్రమున ఆట ముగియదు. ఎదిరి తన యధికబలముతో ఏదో యొక మార్గమున రాజును పట్టవలెను. ఆ మార్గము మూసివేయగలిగిన యెడల, వానికి ఎంత బలమున్నను అది కొట్టులో నిలువయున్న ధాన్యమువంటిదే. వండినగాని ఆకలి తీరదు. కావున ఓడుచున్నవాని ప్రశ్న ‘నేనెట్లు గెలుతును?’ అనునది కాదు. ‘ఎదిరికి గెలుచుటకు ఏమి కావలయును? అది వానికి దక్కకుండ నేనేమి చేయగలను?’ అనునదే.

మొదటి యుదాహరణము మిక్కిలి చిన్నది. తెల్లవానికి రాజును ఒక బంటును మిగిలినవి; నల్లవానికి రాజు మాత్రమే. బంటు పలక నడుమ నిలువువరుసలో ఆఱవ గడిని చేరినది. దాని యెదుట ఏడవ గడిలో నల్లరాజు. బంటు వెనుక ఐదవ గడిలో తెల్లరాజు. ఎత్తు నల్లవానిది. ఏదో యొక ప్రక్కకు ఐమూలగా వెనుదీసెనా, తెల్లరాజు ఆ ప్రక్కనే ముందునకు వచ్చి యెదురుగా నిలుచును. బంటు మంత్రియగును, ఆట పోవును. తిన్నగా వెనుకకు, ఎనిమిదవ గడికి పోయెనా, ఆట సమము. తెల్లరాజు ఏ ప్రక్కకు వచ్చిన నల్లరాజు ఆ ప్రక్కకే పోయి యెదుట నిలుచును. బంటు ఏడవ గడికి వచ్చి చెక్కిచ్చును. నల్లరాజు మరల దాని ముందటి గడిలో చేరును. ఇక తెల్లవాడు బంటును కాపాడుకొనవలెనన్న తన రాజును దాని వెనుకకు తేవలెను, తెచ్చినతోడనే దిగ్బంధము. కాపాడకున్న బంటు పోవును. ఒక్క గడి భేదమున ఒక యాట ఓటమియు, ఒక యాట సమమును అగుచున్నవి. వెనుకకు తగ్గుట ఎల్లప్పుడు పిఱికితనము కాదు. ఎచటికి తగ్గవలెనో తెలిసి తగ్గుట యొక విద్య.

ఇంకను వింతయైనది యొకటి గలదు. తెల్లవానికి రాజు, అంచువరుసలోని బంటు, ఒక శకటు గలవు. నల్లవానికి రాజు దక్క మఱేమియు లేదు. చూచినవారెల్లరు ఆట ముగిసినదందురు. కాని ఆ బంటు మంత్రిగా మాఱవలసిన మూలగడి యొక రంగుదియై, శకటు నడచు గడులు వేఱొక రంగువైన యెడల, నల్లరాజు ఆ మూల జేరి కూర్చుండిన చాలును. శకటు ఎన్నడును ఆ గడిని తాకలేదు. రాజును అచటనుండి వెడలగొట్టువాడు లేడు. పట్టుబట్టి దగ్గఱకు వచ్చిన దిగ్బంధమగును. సంపద యెంతయున్నను, అక్కఱకు రావలసిన చోటికి అది రానియెడల లేనట్లే యని చెప్పుటకు ఇంతకంటె దృష్టాంతము కావలయునా? ఈ సంగతి తెలిసినవాడు, ఓడుచున్న ఆటయందు చాల ముందునుండియే తక్కిన బంట్లనన్నిటిని మార్చుకొని, ఎదిరికి ఆ యంచుబంటును ఆ పనికిరాని శకటును మాత్రమే మిగులునట్లు చూచుకొనును. తెలియనివాడు ఉన్న బంట్లను లోభముతో కాపాడుకొని ఓడును.

రెండవ యుపాయము కోట కట్టుట. 1924లో న్యూయార్కునందు జరిగిన పోటీలో ఇమాన్యుయల్ లాస్కరును, ఎడ్వర్డ్ లాస్కరును తలపడిరి. ఇమాన్యుయల్ 1894 మొదలు 1921 వఱకు, ఇరువదియేడు సంవత్సరములు, లోకవిజేతగా నుండినవాడు. ఆ యాటయందు ఆయనకు తుదకు రాజును ఒక గుఱ్ఱమును మిగిలినవి. ఎదిరికి ఏనుగును, పైగా ఒక బంటును గలవు. అట్టి స్థితిలో గుఱ్ఱమువాడు ఓడుట తప్పదని అందఱు తలచుచుండిరి. ఇమాన్యుయల్ తన గుఱ్ఱమును ఎట్లు నిలిపెననగా, తెల్లరాజు బంటునకు తోడుగా వచ్చుటకు దాటవలసిన గడులను అది కాచుచుండెను. రాజు తోడులేక బంటు నడువలేదు. ఏనుగొక్కటియే యేమి చేయును? 103 ఎత్తులకు ఆట సమముగా ముగిసెను. గుఱ్ఱము చేసినదెల్ల, ఎదిరి బలములు రెండును కలిసికొనకుండ నడుమ నిలుచుటయే.

మూడవది త్యాగము. సర్వము పోవు సమయమున సగము విడుచువాడు వివేకియని పెద్దలమాట. ఇచట సగము కాదు, సర్వమును విడువవలెను. దిగ్బంధము కలుగవలెనన్న మన బలమేదియు కదలరాదు గదా. రాజు ఇదివఱకే చిక్కుకొనియున్నాడు, బంట్లు ఎదిరి బంట్లకు ఎదురునిలిచి కదలకున్నవి, అయినను మంత్రియో ఏనుగో కదలగలిగియున్నది. అప్పుడు ఆ బలమే మనకు శత్రువు. దానిని ఎదిరిచేత బలవంతముగా చంపింపవలెను. 1963–64 సంవత్సరముల అమెరికా దేశపు పోటీలో ల్యారీ ఇవాన్సు, శామ్యూల్ రెషెవ్‌స్కీతో ఆడుచు ఓటమి యంచున నుండెను. ఆయన ముందుగా ఒక బంటును జరిపి తన బంట్లు కదలకుండునట్లు చేసికొనెను. పిదప రెషెవ్‌స్కీ తొందరపడి తన మంత్రితో ఒక బంటును చంపినతోడనే, ఇవాన్సు తన మంత్రిని శత్రురాజు ప్రక్కనే బెట్టి చెక్కిచ్చెను. రాజు దానిని చంపక తీరలేదు. వెంటనే ఏనుగుతో చెక్కు. దానిని చంపిన దిగ్బంధము. చంపకున్న ఆ యేనుగు రాజును వెంటాడి వరుసగా చెక్కులిచ్చుచునే యుండును. ఏ మార్గమునను సమమే. అయితే ఇచట నిజము చెప్పవలెను. రెషెవ్‌స్కీ ఆ బంటునకు ఆశపడకయున్న గెలుపు ఆయనదే. కావున ఇది మొదటి యుదాహరణములవలె ఎదిరి యెట్లాడినను తప్పని సమము కాదు. ఐనను దీనిని కాకతాళీయమనుట తగదు. తాటిపండు పడుట కాకి యెఱుగదు. ఇవాన్సు మాత్రము పండు పడవలసిన చోటును ముందే సిద్ధపఱచియుంచెను.

ఎడతెగని చెక్కు అనునది దీనికి సోదరి. ఎదిరికి బలమెంతయున్నను, వాని రాజు దాగుటకు చోటులేని యెడల, మన మంత్రియొక్కటియే రెండు మూడు గడులనుండి మార్చి మార్చి చెక్కులిచ్చుచుండవచ్చును. రాజు తప్పించుకొనుచుండవలసినదే గాని, వాని తక్కిన బలములకు ఒక్క యెత్తును దక్కదు. అదే స్థితి ముమ్మారు వచ్చును, ఆట సమమగును. అందుచేతనే అనుభవజ్ఞుడు ఓడుచున్నపుడు మొట్టమొదట ఎదిరి రాజు చుట్టునున్న గోడలో బీటయెచటనున్నదో చూచును.

నాలుగవ దానిని మేము అన్నిటికంటె అధికముగా ప్రేమింతుము. రిచర్డ్ రేటీ యను విద్వాంసుడు 1921లో ఒక సమస్యను కూర్చెను. పలకపై నాలుగే బలములు: ఇరువురు రాజులు, చెఱియొక బంటు. తెల్లరాజు ఎనిమిదవ వరుసలో కుడిమూలనున్నాడు. నల్లబంటు అదే నిలువువరుసలో, మూడు గడుల దూరమున, క్రిందికి పరుగెత్తుటకు సిద్ధముగా నున్నది. దానిని వెంబడించి పట్టుటకు తెల్లరాజునకు సమయము చాలదు. తెల్లబంటు దూరముగా ఎడమప్రక్క నున్నది. నల్లరాజు రెండెత్తులలో దానిని చంపగలడు. అచటికి పోయి కాపాడుటకును తెల్లరాజునకు సమయము చాలదు. రెండు పనులలో ఏ యొక్కటియు సాధ్యము కాదు. ఎత్తు తెల్లవానిది. సమము చేయవలెను.

రాజు తిన్నగా క్రిందికి దిగక, ఐమూలగా దిగును. మన నేలపై ఐమూల త్రోవ దీర్ఘము. చదరంగపు పలకపై మాత్రము రాజునకు నిలువుగా మూడు గడులు పోవుటకును, ఐమూలగా మూడు గడులు పోవుటకును ఎత్తులు మూడే. ఆ ఐమూల త్రోవలో ప్రతి యడుగును రాజును ఎదిరి బంటునకును, తన బంటునకును ఒక్కసారిగా చేరువ చేయును. నల్లవాడు నడుమ ఒక ఎత్తు వెచ్చించి తెల్లబంటుపైకి రాజును నడిపించెనా, ఆ యెడములో తెల్లరాజు పలకనడుమకు జేరును. నల్లరాజు బంటును చంపినను తెల్లరాజు నల్లబంటును అందుకొనును. నల్లవాడు తన బంటునే పరుగెత్తించెనా, తెల్లరాజు తన బంటు ప్రక్కకు జేరి కాపాడును. రెండు బంట్లును మంత్రులగును. రెండు త్రోవలును సమమే. గడపమీది దీపము ఇంటిలోపలికిని వాకిటికిని వెలుగిచ్చునట్లు, ఒక్క నడక రెండు ప్రయోజనములను సాధించినది. దేహళీదీపన్యాయమును విద్యార్థులకు చెప్పవలసి వచ్చినపుడు, ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము మాకు దొరకలేదు. అసాధ్యములు రెండు వేఱువేఱుగా నిలిచియున్నపుడు, రెంటికిని నడుమనున్న త్రోవ సాధ్యము కావచ్చునని ఈ చిన్న సమస్య బోధించుచున్నది.

ఇక ఒక ఆక్షేపణ వచ్చును. ‘బలవంతునకు గెలుపు రావలసియుండగా దిగ్బంధము పేరిట తప్పించుకొనుట న్యాయమా?’ అని. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. శతాబ్దముల తరబడి దేశదేశములు దీనిని తలకొక విధముగా తీర్పు చెప్పినవి. అరబ్బుల ఆటలో దిగ్బంధము చేసినవానిదే గెలుపు. స్పెయినునందు ఒకప్పుడు చేసినవానికి పందెములో సగమే దక్కుచుండెను. ఇంగ్లండునందు 17, 18 శతాబ్దములలో చేసినవాడే ఓడినట్లు లెక్క. మన దేశపు పాత పద్ధతులలో కొన్నిట ఎదిరిని దిగ్బంధించు ఎత్తును వేయుటకే వీలులేదు. వేఱొక ఎత్తు వేసికొనవలసినదే. 19వ శతాబ్ది తొలిభాగమున ఇంగ్లండునందును అది సమముగా నిర్ణయింపబడి, నేడు లోకమంతట అదియే నియమమైనది.

మా యభిప్రాయమున ఈ కడపటి తీర్పే న్యాయము. రాజును పట్టుట ఆటకు లక్ష్యము. పట్టనివానికి గెలుపు లేదు. పట్టుబడనివానికి ఓటమి లేదు. అధికబలము గలవానిపై ఒక బాధ్యత గలదు: దానిని సరిగా వినియోగించి పని ముగింపవలెను. ముగింపలేనివాడు ‘నాకు బలమెక్కువ’ యని గెలుపు నడుగుట, గ్రంథములు కొన్నవాడు చదువకయే పండితబిరుదము నడుగుటవంటిది. బలహీనునకు ఈ నియమము కడవఱకు ఆశ నిచ్చుచున్నది. బలవంతునకు కడవఱకు జాగరూకతను నేర్పుచున్నది. ఇరువురకును మేలే.

ఆశ విడిచినవారి చరిత్రలును గలవు. 1902లో మాంటీకార్లో పోటీలో గియోర్గ్ మార్కో యను ఆటగాడు ఫాన్ పోపియెలుతో ఆడుచు, తన శకటు చిక్కుబడినది, ఇక దక్కదని తలచి ఓటమి నొప్పుకొనెను. ఆ శకటునే ఎదిరి రాజు ప్రక్కగడికి పంపియుండినచో ఆటకట్టు భయము ఒకవైపు, మంత్రి పోవు భయము ఇంకొకవైపు కలిగి, ఎదిరియే చెడియుండును. గెలువవలసిన ఆటను చేతులారా ఓటమిగా వ్రాసియిచ్చెను. ఎదిరి ఓడించినవాడు మరల ఆడి తీర్చుకొనవచ్చును. తన్ను తానే ఓడించుకొన్నవాడు ఎవ్వరిపై తీర్చుకొనును?

ఓపిక కడపటి యెత్తువఱకు నిలువవలెననుటకు 2024 డిసెంబరు 12వ తేదీని సింగపూరునందు జరిగిన ఆట సాక్ష్యము. ప్రపంచ విజేత పదవికై డింగ్ లిరెన్‌కును, మన దేశపు పదునెనిమిదేండ్ల గుకేశునకును పదునాలుగవది, కడపటిది యగు ఆట యది. అంతవఱకు ఇరువురును సమానముగా నుండిరి. డింగునకు ఒక బంటు తక్కువ. ఐనను ఇరువురకును ఏనుగొకటి, శకటొకటి యుండుటచే ఆట సమమగునని చూచువారు తలచుచుండిరి. బంటు తక్కువైనవాడు ఏనుగులను వదలుకొనక నిలుపుకొనిన రక్షణ సులభము. 55వ యెత్తున డింగ్ తన యేనుగును మార్పిడికి పెట్టెను. గుకేశుడు ఏనుగులను మార్చుకొని, వెంటనే శకటులను గూడ మార్పించెను. మిగిలినవి రాజులు, బంట్లు మాత్రమే. అచట ఒక బంటు అధికమే గెలుపునకు చాలినది. గంటలకొలది చేసిన రక్షణ యొక్క యెత్తుతో పోయెను. గుకేశునివైపునుండి చూచినను పాఠమొకటి గలదు: సమమగునని అందఱు తలచిన ఆటను ఆతడు విడువక, ఎదిరికి కఱకు ప్రశ్నలు వేయుచునే యుండెను.

తల్లిదండ్రులకును, విద్యార్థులకును మా మనవి రెండు మాటలు. పిల్లలకు చదరంగము నేర్పునపుడు ఆరంభపు ఎత్తులను బట్టీపట్టించుటకు ముందు, ముగింపులను నేర్పుడు. 1921 మొదలు 1927 వఱకు లోకవిజేతగానుండిన కాపాబ్లాంకా కూడ తన గ్రంథమున ముగింపులతోనే పాఠమారంభించెను. రాజును బంటును పలకపై బెట్టి, ఎచట నిలిచిన గెలుపో, ఎచట నిలిచిన సమమో, పిల్లవాడు తానే కనుగొనునట్లు చేయుడు. 2012 నాటికి మాస్కో విశ్వవిద్యాలయపు యంత్రము ఏడు బలములు మిగిలిన స్థితులన్నిటికిని ఫలితమును లెక్కగట్టి పెట్టినది. ఆ లెక్కలు నేడు ఎవ్వరైనను చూడవచ్చును. కాని చూచుటకు ముందు ఆలోచించుట పిల్లవాని పని. జవాబు పుస్తకము చివర నున్నదని లెక్క చేయుట మానుదుమా? మన తెలుగునాటనుండి బయలుదేఱి 2019లోను 2024లోను స్త్రీల ప్రపంచ ర్యాపిడ్ పోటీలలో విజేతయైన కోనేరు హంపివంటివారిని చూచి మన బాలబాలికలు ఉత్సాహపడుచున్న కాలమిది. ఆ యుత్సాహమునకు ఈ పునాది కూడ వలయును.

రెండవ మాట. ఆటలో చెడిన పిల్లవానిని ‘ఓడితివి గదా, లెమ్ము’ అనకుడు. ‘నీకింక ఏమి మిగిలినది? ఎదిరికి ఏమి కావలసియున్నది?’ అని యడుగుడు. నిజముగా ఏ మార్గమును లేదని వాడు పరిశీలించి తెలిసికొన్న పిదప చేయి చాచి ఓటమి నొప్పుకొనుట మర్యాదయే. అందు అవమానము లేదు. పరిశీలింపక ఒప్పుకొనుట మాత్రము మర్యాద కాదు, సోమరితనము. సమము చేసిన పిల్లవానికి బహుమానము లేకపోవచ్చును. గెలిచినవానికంటె వాడు ఎక్కువ కష్టపడియుండునని తెలిసిన పెద్దలు ఒకరిద్దరు ప్రక్కన నిలిచి మెచ్చుకొనిన చాలును. అట్టి పెద్దలు ఈ సభయందు పెక్కుమంది గలరని మేము నమ్ముచున్నాము.